గోపురం దాటి నడిస్తే

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరి, గోదావరిలో స్నానం చేసి, రాములవారి దర్శనం చేసుకుని, వీలుంటే పర్ణశాల కూడా చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరడం మనవాళ్లకు బాగా అలవాటైన యాత్ర. కొత్తగూడెం దాటాక రోడ్డుకు రెండు పక్కలా కమ్ముకొచ్చే అడవిని కిటికీలోంచి చూసి, బాగుందనుకుని ముందుకు సాగిపోతాం. ఈసారి నేను వెళ్లింది ఆ అడవి కోసం, దాన్ని ఆనుకుని బతికే ఊళ్ల కోసం. ఫాల్గుణం చివరి రోజులు. వీలైనంత దూరం నడవడం, మిగిలిన దూరానికి పల్లెవెలుగు బస్సో షేర్ ఆటోనో ఎక్కడం అని ముందే అనుకున్నాను.

నడిచినకొద్దీ ఒక సంగతి రూఢి అయింది. భద్రాచలం లాంటి చిన్న పట్టణానికి జనాన్ని రప్పించాలంటే కొత్తగా పెద్ద పెద్ద కట్టడాలు అక్కర్లేదు. దాని చుట్టూ తరతరాలుగా జనం నడిచిన బాటలున్నాయి. వాటిని బాగుచేసుకుని, మలుపు మలుపుకూ ఒక గుర్తు పెట్టి, నడవడానికి వచ్చేవాళ్లను ఆదరిస్తే చాలు. ఊరికీ మేలు, వచ్చినవాళ్లకూ మేలు.

ఖిల్లా నుంచి కిన్నెరసాని దాకా

ఖమ్మంలో పొద్దున ఐదున్నరకే లకారం చెరువు కట్ట మీద సందడి మొదలవుతుంది. రిటైరైన ఉద్యోగులు, డాక్టరు చెప్పాడని నడిచేవాళ్లు, పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న కుర్రాళ్లు, చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న అమ్మలు. నడిచే అలవాటు ఈ ఊరికి బాగానే ఉంది. కాకపోతే ఆ నడకంతా ఒకే కట్ట మీద తిరుగుతుంది. నేను అక్కణ్నుంచి ఖిల్లా వైపు నడిచాను. కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల దాకా ఎన్నో చేతులు మారిన కోట అది. ఎండ ఎక్కకముందే పైకి చేరితే ఊరు ఊరంతా కాళ్ల కింద కనిపిస్తుంది. ఇంకో పక్క స్తంభాద్రి లక్ష్మీనరసింహస్వామి గుట్ట, పడమటి దిక్కున మున్నేరు.

ఆ మున్నేరు 2024 సెప్టెంబరు 1న పొంగి ఒడ్డున ఉన్న కాలనీలను ముంచెత్తింది. ఖిల్లా మీద నిలబడి చూస్తే ఆ నీళ్లు ఎటు నుంచి ఎటు వచ్చి ఉంటాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఏటి మలుపు ఎక్కడుందో, పల్లం ఎక్కడుందో, పల్లంలో ఇళ్లు ఎంత దట్టంగా ఉన్నాయో కళ్లకు కడుతుంది. సొంత ఊరి నేల వాలు తెలియాలంటే దాని మీద నడవాలి. నడక ఆరోగ్యానికి మంచిదని అందరూ చెబుతారు. ఊరి క్షేమానికీ మంచిదని నేను అంటాను.

ఊరి చివర వెలుగుమట్లలో అటవీశాఖ అర్బన్ పార్కు ఉంది. ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చెట్ల పేర్లు చెప్పడానికి అనువైన చోటు. ఇంకొంచెం దూరం పోదామనుకునేవాళ్లకు నేలకొండపల్లి ఉంది. అక్కడ బౌద్ధస్తూపం చుట్టూ పొలాల గట్ల మీద నడవొచ్చు. కంచర్ల గోపన్న పుట్టిన ఊరూ అదే. ఆ గోపన్నే పాల్వంచ పరగణాకు తహసీల్దారై, భద్రాద్రి మీద గుడి కట్టించి, తానీషా కొలువులో బందీ అయి, భక్త రామదాసుగా మనకు మిగిలాడు. నేలకొండపల్లి, పాల్వంచ, భద్రాచలం ఊళ్లను కలిపితే రామదాసు జీవితమే ఒక దారిగా కనిపిస్తుంది. నవమికి ఎన్నో ఊళ్ల నుంచి భక్తులు కాలినడకన భద్రాచలం వస్తారు. వాళ్లంతా ఇవాళ బొగ్గు లారీలకూ ఇసుక లారీలకూ పక్కకు ఒదుగుతూ, మండే తారు రోడ్డు అంచున నడుస్తున్నారు. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగులో వాళ్లను దాటుకుంటూ వెళ్తున్నప్పుడు గుండె గుబేలుమంటుంది. ఈ భక్తులకు రోడ్డుకు ఎడంగా ఒక నీడ బాట చూపించగలిగితే అదే రాములవారికి పెద్ద సేవ.

ఖమ్మం నుంచి బస్సెక్కి కొత్తగూడెంలో దిగాను. ఇక్కడి రైల్వేస్టేషన్ పేరు భద్రాచలం రోడ్. అసలు భద్రాచలం ఇంకో 40 కిలోమీటర్లు. ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు బయటపడిన దగ్గర్నుంచి ఈ ప్రాంతం తీరే మారిపోయింది. గనులు, రైలు, కరెంటు కేంద్రం, ఆ తర్వాత సారపాకలో కాగితపు మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం ఒక్కొక్కటే వచ్చాయి. అడవి రోడ్డు నుంచి వెనక్కి జరుగుతూ పోయింది. అయినా పాల్వంచ దాటి కిన్నెరసాని వైపు తిరిగితే అది ఇంకా ఎదురొస్తుంది.

కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. 1977లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే జలాశయం దీని నడిబొడ్డున ఉంది. విశ్వనాథవారి కిన్నెరసాని పాటలు చదివినవాళ్లకు ఈ వాగు ముందే పరిచయం. జలాశయంలో మొసళ్లున్నాయి కాబట్టి నీళ్ల అంచుకు వెళ్లకూడదు. లోపలికి అడుగుపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. నేను ముందురోజే అడిగి, పొద్దున్నే ఒక వాచర్‌ను తోడు తీసుకుని బయల్దేరాను.

అడవి అంటే పచ్చగా ఉండాలని అనుకునేవాళ్లు ఫాల్గుణంలో వస్తే ఆశ్చర్యపోతారు. టేకు ఆకు రాలిపోయి కాళ్ల కింద పెళపెళలాడుతోంది. నల్లమద్ది మానులు, జిట్రేగి, ఏగిస, మధ్యమధ్య వెదురు పొదలు. మోదుగ పూత ఇంకా పూర్తిగా రాలలేదు. ఆకులు లేనందువల్ల చూపు దూరం పోతుంది, పిట్ట కూస్తే ఏ కొమ్మ మీదుందో కనబడుతుంది. వాచర్ ఒకచోట ఆగి మోకాలెత్తున ఉన్న పొదను చూపించాడు. తునికి చెట్టు. మాఘఫాల్గుణాల్లో దాన్ని నేలకు దగ్గరగా కొట్టేస్తారు. కొట్టిన మోడు నుంచి లేత ఎరుపు చిగుళ్లు తోసుకొస్తున్నాయి. ఆ చిగురు నెలన్నరలో అరచేతి వెడల్పు ఆకై మెత్తగా, ఈనె లావెక్కకుండా ఉన్నప్పుడే కోయాలి. చెట్టును అట్లాగే వదిలేస్తే ఆకు బిరుసెక్కి బీడీకి పనికిరాదు. కోసిన ఆకును యాభైకి ఒక కట్టగా నారతో కట్టి, కల్లంలో వరసలుగా పరిచి ఎండబెడతారు. వైశాఖంలో ఆ పది, పదిహేను రోజుల కోతే చాలా గిరిజన కుటుంబాలకు ఏడాదిలో చేతికి నగదు వచ్చే ముఖ్యమైన కాలం. చిగురును వేళ్లతో తాకి చూశాను. మీద సన్నటి నూగు ఉంది. దాన్ని నలపొద్దని వాచర్ నెమ్మదిగా చెప్పాడు. అది ఎవరిదో ఒకరి వైశాఖం కూలి.

బస్సులో వెళ్తూ ఈ పొదను వందసార్లు చూసినా తునికి అని తెలియదు. నడిచేవాడికి ఒక్కసారికే తెలుస్తుంది.

వారధి మీద, కరకట్ట మీద

సారపాక దగ్గర బస్సు దిగి వారధి మీద నడిచి భద్రాచలంలోకి అడుగుపెట్టాలని ఎవరికైనా చెబుతాను. 1965లో ఈ వారధిని ప్రారంభించే దాకా ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ ఒడ్డున దిగి పడవల్లో గోదావరి దాటేవాళ్లు. 2024లో దాని పక్కనే రెండో వారధి వచ్చింది. పొడవు కిలోమీటరుకు పైనే. వేసవి ముంగిట గోదావరి సన్నబడి, ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది. కింద ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లు, గట్టున బట్టలు ఆరేసేవాళ్లు. ఎదురుగా గుట్ట మీద గుడి గోపురం. కారులో ఈ దృశ్యం ఒక నిమిషంలో అయిపోతుంది. కాలినడకన పావుగంట మీదే.

స్నానఘట్టం దగ్గర నీటిమట్టం చూపే గుర్తులుంటాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఈ అంకెలు పేపర్లో చదవడం వేరు, ఫాల్గుణంలో కాళ్ల కింద ఎండిన ఇసుక మీద నిలబడి, నీరు వచ్చిన ఎత్తును తలెత్తి చూడటం వేరు. ఆ 1986 వరద తర్వాతి కాలంలో కట్టిన కరకట్టే ఇప్పుడు ఊరికి కాపు. ఆ కట్టే ఊరికి మంచి నడక దారి కూడా. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఇళ్లు, కొబ్బరి చెట్లు, గుడి. సాయంత్రం ఐదు తర్వాత ఇక్కడ వచ్చే గాలికి ఎక్కడెక్కడి అలసటా పోతుంది. అంత మంచి కట్ట మీద యాత్రికులు కనబడేది అరుదు. గుడి నుంచి కట్టకు దారి ఇటు అని చెప్పే బోర్డు ఒక్కటి నాకు కనిపించలేదు.

కట్ట వెంబడి ఎటపాక వైపు నడుస్తుంటే కాసేపట్లోనే తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఈ నేలకు గీతలు మారడం కొత్త కాదు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉంది. ఆ తర్వాత ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టూ ఉన్న ఊళ్లు అటు వెళ్లాయి. 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పురుషోత్తపట్నంలో రాములవారి భూములు ఒక రాష్ట్రంలో, రాములవారు ఇంకో రాష్ట్రంలో ఉన్నారు. నడిచేవాడికి మాత్రం అదే కట్ట, అదే మట్టి, అదే పలకరింపు. ఇంకాస్త ముందుకు వెళ్తే గుండాల. గోదావరి తగ్గినప్పుడు ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరే చోటుగా దానికి పేరు. భద్రాచలం నుంచి ఐదు కిలోమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా గంటన్నరలో చేరుకోవచ్చు. గుడి నుంచి కరకట్ట, కరకట్ట నుంచి ఎటపాక, అక్కణ్నుంచి గుండాల. తిరుగు ప్రయాణానికి ఆటో. ఒక పూట నడకకు ఇంతకంటే చక్కటి దారి నేను ఈ చుట్టుపక్కల చూడలేదు.

అది రెండు రాష్ట్రాల దారి కాబట్టి ఎవరికీ పట్టని దారి అయిపోయే ప్రమాదం ఉంది. రెండు వైపులా పంచాయతీలు, దేవస్థానం కూర్చుని మాట్లాడుకుంటే ఆ ప్రమాదం ఉండదు. గుర్తుల బోర్డులు పెట్టడానికి విభజన చట్టం ఏమీ అడ్డురాదు.

ఇప్పచెట్ల కింద

మర్నాడు చర్ల రోడ్డు పట్టుకుని దుమ్ముగూడెం వెళ్లాను. ఇక్కడ గోదావరి మీద పాత ఆనకట్ట, లాకులు ఉన్నాయి. ధవళేశ్వరం కట్టించిన కాటన్ దొర గోదావరి మీద ఎగువన చాలా దూరం దాకా పడవలు నడిపించాలని తలపెట్టాడు. ఆ పని మీద హేగ్ అనే ఇంజనీరు ఇక్కడికి వచ్చాడు. ఏటిలో రాళ్లు అడ్డం ఉన్న చోట్ల ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకుల గుండా పడవల్ని దాటించాలన్నది ఆలోచన. ఖర్చు పెరిగి, రైళ్లు వచ్చి, 1871లో పని ఆపేశారు. రాతికట్టడం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ గట్టు మీద నిలబడితే గోదావరి వెడల్పూ, ఆనాటి వాళ్ల పట్టుదలా రెండూ తెలుస్తాయి. మన బడిపిల్లల్ని ఇక్కడికి నడిపించుకొచ్చి ఒక పూట చరిత్ర పాఠం చెప్పొచ్చు.

దుమ్ముగూడెం నుంచి పర్ణశాల వైపు రోడ్డు వదిలి బండ్ల బాట పట్టాను. తోడుగా పక్క గుంపుకు, అంటే గూడేనికి, చెందిన ఒక కోయ యువకుడు వచ్చాడు. ఐటీఐ చదివి ఊళ్లోనే ఉంటున్నాడు. బాటకు ఒక పక్క మిరప చేలు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు పొద్దున్నే కోతకు దిగారు. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటు బాట మీదికి వస్తోంది. చేలు అయిపోగానే అడవి అంచు, ఇప్పచెట్లు.

ఇప్పపువ్వు రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలుతుంది. లేత పసుపు రంగులో కండగల చిన్న గోళీలాంటి పువ్వు. రాలిన పువ్వు మట్టి అంటకుండా ఉండాలని చెట్టు కింద నేలను ముందే శుభ్రం చేసుకుంటారు. నేను వెళ్లేసరికి ఇద్దరు ఆడవాళ్లూ ఒక పిల్లా చెట్టు కింద వంగి ఏరుతున్నారు. చెయ్యి పైకి లేవకుండా ఒక్కో పువ్వును వేళ్లతో తోసి దోసిట్లోకి లాగి గంపలో వేస్తున్నారు. నేల మీద ఒక్క పువ్వు కూడా తొక్కకుండా వాళ్ల పాదాలు కదులుతున్నాయి. గాలంతా తియ్యటి, కాస్త మత్తు వాసన.

పెద్దావిడ నన్ను చూసి అడిగింది. "నడిచే వచ్చారా సారు? బండి దొరకలేదా?"

"నడవడానికే వచ్చానమ్మా. ఎప్పుడొచ్చారు మీరు?"

"కోడి కూయకముందే వచ్చినం. ఎండ పడితే పువ్వు వాడిపోతది. పశువులొచ్చి తినిపోతయ్."

"భయం వెయ్యదా చీకట్లో?"

"గుడ్డెలుగు గూడ పువ్వు కోసమే వస్తది గదా. అందుకే ఒక్కళ్లం రాం. లైటు పట్టుకొని అందరం కలిసే వస్తం."

గంపలోంచి నాలుగు పువ్వులు తీసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. బెల్లం పాకంలో కాస్త పచ్చివాసన కలిసినట్టుంది. ఈ పువ్వును ఎండబెడితే కిస్‌మిస్ రంగుకు తిరుగుతుంది. కొంత ఇంట్లో దాచుకుంటారు, కొంత సంతలోనో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలోనో అమ్ముతారు. తర్వాత కాయలొస్తే గింజల నుంచి నూనె తీస్తారు. అందుకే పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్పచెట్టు మీద గొడ్డలి వెయ్యరు.

ఈ బాట ఎటు పోతుందని అడిగితే ఆవిడ చెయ్యి చాపి చూపించింది. ఇటు పోతే చుట్టాల గుంపు, అటు పోతే వాగు, వాగు దాటితే సంతకు పోయే రోడ్డు. బియ్యానికీ, మందులకూ, పెళ్లికీ, చావుకూ అదే బాట. వానాకాలం వాగు పొంగితే ఆగిపోవాల్సిందే. పురిటి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకెళ్లిన గూడేలు ఈ ఏజెన్సీలో ఉన్నాయి. మనం సరదాగా నడిచే దారి వాళ్లకు తప్పనిసరి దారి అన్నది మరిచిపోకూడదు. నడకను ప్రోత్సహించమంటే గూడేలకు రోడ్లు వద్దని కాదు. రోడ్డు రావాలి, వాగు మీద వంతెన రావాలి, అంబులెన్సు గుమ్మం దాకా రావాలి. బాటను బాగుచేస్తే ముందు బాగుపడాల్సింది ఆవిడ నడక. ఆ తర్వాతే నాది.

పర్ణశాల చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. సీతమ్మవాగులో రంగు రాళ్లు, నారచీరలు ఆరేసిన గుర్తులంటూ చూపించే చారలు, టూరిస్టు బస్సులు, కొబ్బరికాయల దుకాణాలు. గోదావరి అవతలి ఒడ్డున రథపు గుట్ట. బస్సులో వచ్చినవాళ్లు అరగంటలో చూసుకుని వెళ్లిపోతున్నారు. నాకు మాత్రం ఆ పూట పర్ణశాల పూర్తిగా అర్థమైనట్టనిపించింది. వనవాసం కథలో విన్న చోటికి వనంలోంచి నడిచి రావడంలో ఉన్న నిండుదనం వేరు. తోడు వచ్చిన యువకుడికి రోజు కూలి కంటే ఎక్కువే ఇచ్చాను. పట్నం నుంచి వచ్చి ఇట్లా నడుస్తామనేవాళ్లు ఇంకా ఉంటారా అని అడిగాడు. ఉంటారని చెప్పాను.

దారులు అందరివీ

నడిచి చూసి రాసినవాళ్లు ఈ ప్రాంతానికి ముందే ఉన్నారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1941లో ఇక్కడి గోదావరి కొండల్లో కొండరెడ్ల గూడేల మధ్య కాలినడకన తిరిగాడు. 1945లో అచ్చయిన ఆయన పుస్తకం ది రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్ ఆ నడకల పంటే. ఆయన కారులోంచి చూసి ఉంటే ఆ పుస్తకంలో సగం ఉండేది కాదు.

నడిచేవాళ్లను ఒక ఊరు ఎలా ఆదరించవచ్చో చూడాలంటే ఇంగ్లండ్‌లో హెబ్డెన్ బ్రిడ్జ్ అనే చిన్న పట్టణం ఉంది. 2007లో ఆ ఊరివాళ్లు నడిచేవాళ్లకు స్వాగతం అని ప్రకటించుకుని ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఊరి చుట్టూ కాలిబాటలను బాగా చూసుకోవడం, పటాలు అచ్చువెయ్యడం, బస్సు దిగిన దగ్గర్నుంచి దారి చూపించడం, హోటళ్లవాళ్లు బురద బూట్లతో వచ్చినా ఆదరించడం. ఆ తర్వాత వందకు పైగా ఊళ్లు అదే బాట పట్టాయి. అక్కడ 1949 చట్టం పొలాల మధ్య కాలిబాటలను పటం మీదికి ఎక్కించి జనానికి హక్కుగా నిలిపింది. మనకు అలాంటిదేమీ లేదనుకోనక్కర్లేదు. మన రెవెన్యూ గ్రామ నక్షలు తెరిచి చూడండి. బండ్ల బాటలు, కాలిబాటలు, వాగులు అన్నీ గీసి ఉంటాయి. కొన్ని ఆక్రమణల్లో పోయాయి, కొన్ని ముళ్లకంపల కింద ఉన్నాయి. పట్టించుకునేవాళ్లుంటే అవి మళ్లీ బాటలవుతాయి.

మన దగ్గర దారి చూపించిన ఊరు కూడా ఉంది. తూర్పు కనుమల్లో మారేడుమిల్లి. అక్కడ వన సంరక్షణ సమితుల్లోని గిరిజనులే అటవీశాఖ సాయంతో యాత్రికులకు బస, భోజనం, అడవి నడక ఏర్పాటు చేస్తున్నారు. వచ్చిన డబ్బులో వాళ్ల వాటా వాళ్లకు అందుతుంది. భద్రాచలం అంతకంటే పేరున్న ఊరు. ఏడాది పొడుగునా జనం వచ్చే ఊరు.

చెయ్యాల్సినవి పెద్ద పనులు కావు. మొదటగా, దర్శనానికి వచ్చినవాళ్లు సంచులు పెట్టుకోవడానికి ఒక చోటు, గుడి దగ్గర ఒక పెద్ద పటం కావాలి. కరకట్ట, గుండాల, దుమ్ముగూడెం, పర్ణశాల దారులకు తెలుగులో గుర్తులు, దూరం, పట్టే సమయం రాసి పెట్టాలి. నడక ఎప్పుడూ బస్సు దొరికే చోట ముగియాలి. అప్పుడు ఒకవైపు నడిచి ఇంకోవైపు పల్లెవెలుగులో రావొచ్చు. దారి చూపించే యువకులకు రెండు రోజుల శిక్షణ, పంచాయతీ నిర్ణయించిన కూలి ఉండాలి. గూడెంలో భోజనం పెట్టే ఇళ్లుంటే వాటి పేర్లు పటంలో ఉండాలి.

అన్నిటికంటే ముందు గ్రామసభ మాట. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ఇక్కడి గ్రామసభకు తన వనరుల మీద మాట చెప్పే హక్కు ఇచ్చింది. ఏ బాట మీద ఎవరిని రానివ్వాలో, ఏ దేవర చోటికి ఎవరూ వెళ్లకూడదో ఊరే చెప్పాలి. 1970 నాటి ఒకటీ బై డెబ్బై చట్టం వల్ల గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. ఈ చట్టం వల్లే ఇక్కడి నడక వ్యాపారం పట్నం నుంచి వచ్చిన పెద్ద చేతుల్లోకి పోకుండా గూడెం చేతుల్లో ఉండే వీలుంది. బస ఇంట్లో, తోడు ఊళ్లోవాడు, వంట ఆవిడది, డబ్బు ఆ ఊరిది.

వచ్చేవాళ్లకూ కొన్ని మాటలు చెప్పాలి. కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు అనువైన కాలం. వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఫాల్గుణంలోనే పది గంటలకల్లా నీడ చూసుకోవాలి. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి సాయంత్రానికి ఒళ్లంతా కప్పే బట్టలు, రాత్రికి దోమతెర ఉండాలి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండల వైపు స్థానిక పోలీసులకు చెప్పకుండా, ఊరివాళ్ల తోడు లేకుండా వెళ్లకూడదు. ఈ అడవి ఎన్నో ఏళ్లు తుపాకుల మధ్య నలిగింది, ఆ రోజుల ప్రమాదాలు ఇంకా పూర్తిగా పోలేదు. తునికి చిగురు తుంచకూడదు, రాలిన ఇప్పపువ్వు తొక్కకూడదు, మిరప కల్లం మీదుగా అడ్డం పడకూడదు. అడగకుండా ఎవరి ఫొటో తియ్యకూడదు. అడవిలోకి మందు సీసా, ప్లాస్టిక్ కవరు తీసుకెళ్లకూడదు. జ్యేష్ఠంలో భూమి పండుగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పండుగ డబ్బులు అడుగుతారు. సంతోషంగా ఇచ్చి ముందుకు సాగాలి.

భద్రాచలం మనకు దేవుణ్ని చూసే ఊరుగానే తెలుసు. దర్శనానికి వచ్చి వెళ్లిపోయేవాడు ఊరికి ఇచ్చేది కొబ్బరికాయ డబ్బులు, పార్కింగు డబ్బులు. ఒక రాత్రి ఉండి నడిచేవాడు గదికీ, టిఫినుకూ, ఆటోకూ, తోడు వచ్చిన కుర్రాడికీ, ఇప్పపువ్వు ఏరిన ఆవిడకూ ఎంతో కొంత ఇచ్చి వెళ్తాడు. తీసుకెళ్లేది అంతకంటే ఎక్కువ. అందుకే మీకు నా విన్నపం ఇది. ఈసారి భద్రాచలం వెళ్లినప్పుడు ఇంకొక్క రాత్రి ఉండండి. పొద్దున్నే లేచి కరకట్ట ఎక్కండి, గుండాల దాకా నడవండి. కాళ్లు సహకరిస్తే మర్నాడు దుమ్ముగూడెం వెళ్లండి. తిరిగొచ్చాక మీ సొంత ఊరి తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి గ్రామ నక్ష అడగండి. మీ ఊరి చుట్టూ కూడా ఇలాంటి బాటలుంటాయి. నడిచేవాళ్లు లేకపోతే పదేళ్లలో అవి కంపలో కలిసిపోతాయి.